చెరువు నీళ్ల పరీక్ష

నిరుడు రేపల్లె దగ్గర మా పొలంలోని చెరువులో చేపలు పెంచాలనుకున్నాం. నీళ్లు పనికొస్తాయో లేదో చూద్దామని కొన్ని చేపపిల్లల్ని వలసంచిలో వేసి రాత్రంతా అందులో ఉంచాం. తెల్లారేసరికి అన్నీ చచ్చి తేలాయి.

నా అనుమానమంతా పక్క పొలం బాషా బాబాయి మీదే. ఆ చెరువు తనకు కౌలుకివ్వమని అంతకుముందే అడిగారు. మేం కుదరదనేసరికి, "ఇందులో చేపలు బతకవమ్మా" అన్నారు. ఆయన గట్టు మీదికి రాగానే అడిగేశాను.

"రాత్రి ఇందులో ఏం కలిపారు బాబాయ్?"

ఆయన ముఖం నల్లబడింది. వంగి, దోసిలితో ఆ నీళ్లే తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నారు.

నా పక్కనే ఉండి అంతా వింటున్న మా వారు ఒక్క ఉదుటున వెళ్లి బాబాయి చేతులు పట్టుకున్నారు.

"తాగొద్దు బాబాయ్. నిన్న పురుగుమందు కొట్టిన ట్యాంకు ఇందులోనే కడిగానండి."

సిగ్గుతో తలెత్తలేకపోయాను.

నీళ్లు తోడించి కొత్త నీళ్లు పెట్టాక చేపలు బాగానే పెరిగాయి. పట్టిన ప్రతిసారీ మొదటి చేప బాబాయికే ఇస్తాను. ఆయన నవ్వుతూ అందుకుని, "ముందు మీరు తినండమ్మా, తర్వాత మేం వండుకుంటాం" అంటారు. వేళాకోళానికి అంటున్నారో, నిజంగానే అంటున్నారో నాకిప్పటికీ తెలియదు.