తిప్పక్కకు నేను చదవని కామెంట్లు

ఆరేళ్ళుగా ఒక పాపం మోస్తున్నాను. పోలీసులు పట్టుకునేది కాదు, పంచాయితీకి ఎక్కేదీ కాదు. ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే దాని బరువు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు నోరు విప్పే ధైర్యం ఉంటే ఇది రాసే పనే లేదు.

నాకు ఉరవకొండలో ఫ్లెక్సీల అంగడి ఉంది. పెళ్ళిళ్ళకు, పుట్టినరోజులకు, నాయకుల స్వాగతాలకు కొట్టిస్తాను. డిగ్రీలో తెలుగు చదివాను. మాట కూర్చడంలో ఈ మండలంలో నన్ను మించినవాడు లేడని పొగరు. ఒక హోటలుకు ‘రుచికి రాణి, ఆరోగ్యానికి బోణి’ అని రాసిచ్చింది నేనే. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పుడు బస్సు దిగిన ప్రతివాడూ దాన్ని చదివి మురిసిపోతున్నాడనే అనుకునేవాణ్ణి. తర్వాత అంగళ్ళవాళ్ళు ఫోన్లో ప్రచారం కావాలనడం మొదలుపెట్టారు. నేనూ నేర్చుకున్నాను. పేజీ తెరవడం, వీడియో తీయడం, కాస్త దుడ్లు కట్టి దాన్ని నలుగురి ఫోన్లలో కనబడేలా చేయడం. బోర్డు మీద ‘డిజిటల్ మార్కెటింగ్’ అని ఇంకో వరుస రాయించాను.

అప్పుడు వచ్చింది తిప్పక్క. బెళుగుప్ప దిక్కు పల్లె ఆమెది. చెనిక్కాయ పంట వరసగా ఎండిపోయాక మొగుడు గొర్రెలు మేపుతుంటే, ఆమె మా బస్టాండు పక్కన ఎండలో కూర్చుని జొన్నరొట్టెలు తట్టి అమ్మేది. పిల్లలు లేరు. ఇద్దరికీ చదువు రాదు. బెంగళూరులో ఉండే మనవాళ్ళు ఎండు రొట్టెలు తెప్పించుకుంటారని ఎవరో చెప్పారట. ఆ ఆర్డర్లు నిలబడితే నీడపట్టున ఒక చిన్న గది బాడుగకు తీసుకోవాలని ఆమె ఆశ. అంతకు మించి ఏమీ అడగలేదు.

నేను మంచి మాటలు రాశాను. ‘స్వచ్ఛమైన జొన్నలతో, సంప్రదాయ రుచులతో’ అని. చదివి వినిపించి, అలాగే చెప్పమన్నాను. ‘సంప్రదాయ’ దగ్గర ఆమెకు నోరు తిరగలేదు. నాలుగోసారికి ఆమెకు కోపం రేగింది. ఫోను రికార్డు అవుతూనే ఉంది. పిండి చేతులు నా వైపు ఆడిస్తూ, వంకలు పెట్టే బేరగాళ్ళను దులిపినట్టే అందుకుంది: “ఏమప్పా, రొట్టె గట్టిగా ఉండాది అంటారు! మెత్తగా కావాల్నంటే బజార్లో బన్ను కొనుక్కోపోండి. వాన ల్యాక, ఎండ తాగి పెరిగిన జొన్న ఇది. దానికీ రోషముంటాది. నమిలి తినండప్పా!”

ఆ ముక్కనే పేజీలో పెట్టాను. ఎందుకు పెట్టాను? జనం ఆమెను చూసి నవ్వుతారని. నేను రాసిన మాటలు పలకలేని మనిషి ఎలా ఉంటుందో అందరూ చూస్తారని. ఇది కూడా ఒప్పుకోవాలి కదా.

జనం నవ్వారు. కానీ నేను అనుకున్న నవ్వు కాదు. తెల్లారేసరికి ఎక్కడెక్కడివాళ్ళో దాన్ని ఒకరికొకరు పంపుకుంటున్నారు. ‘మా అవ్వ మాట విన్నట్టుండాది’ అని ఒకరు. ‘ఊరు వదిలి పన్నెండేళ్ళయింది, ఈ యక్క మాట విని ఏడ్చినా’ అని ఇంకొకరు. ‘రోషం ఉండే రొట్టె నాకు పది పంపక్కా’ అని ఒకడు. నేను కిందికి జరుపుకుంటూ పోయాను. వీడియో తీసింది ఎవరని ఒక్కడైనా అడుగుతాడేమోనని వెతికాను. ఒక్కడూ అడగలేదు. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటారే, అది మాటవరసకు అంటారనుకున్నాను. నిజంగానే మండుతాయి. నేను పదేళ్ళు ప్రాసలు వెతుక్కుంటూ కూర్చుంటే, ఈమె కోపంలో నాలుగు మాటలు విసిరి ఎక్కడో ఉన్నవాళ్ళను ఏడిపించింది. ఆమె దగ్గర ఉన్నదేమిటి, నా దగ్గర లేనిదేమిటి? తెలిసి అడిగే ప్రశ్న అది. తెలిసింది కాబట్టే అంత మంట.

పేజీ నా ఫోనులో ఉండేది. ఆమెది బటన్ల ఫోను. ఆర్డర్లు నాకే వచ్చేవి, నేను ఆమెకు చెప్పేవాణ్ణి. రోజూ మధ్యాహ్నం బేరం అయిపోయాక అంగడికి వచ్చి గడప మీద కూర్చుని, “జనం ఏమంటాండారో సదువప్పా” అనేది. మొదట్లో అన్నీ చదివాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు చూడలేకపోయేవాణ్ణి.

ఒక రోజు నిజంగానే ఒక చెడ్డ కామెంటు వచ్చింది. ‘ఇదేం మొరటు మాట’ అని. వదిలేయవచ్చు. చదివాను. ఆమె నవ్వు ఆగిపోయింది. నా కడుపు చల్లబడింది. ఇంతకన్నా నీచమైన సుఖం ఉంటుందా చెప్పండి? ఆ మరుసటి రోజు నుంచి మంచివి దాటేస్తూ చెడ్డదాని కోసం వెతికాను. దొరకలేదు. అందరూ ఆమెను మెచ్చుకునేవాళ్ళే. దొరకకపోతే ఊరుకున్నానా? ఫోను చూస్తూ, చదువుతున్నట్టే, నేనే అల్లాను.

“ఈ నోటితో మాట్లాడే మనిషి చేతి రొట్టె ఎట్లా తినబుద్ధవుతాది?”

ఆమె నా చేతిలోని ఫోను వైపు వంగి చూసింది. తర్వాత అడిగింది. “ఎవురప్పా అనింది? పట్నమోళ్ళా?”

పట్నంవాళ్ళని చెప్పి ఉంటే దులిపేసుకుని పోయేది. ఆమె సంగతి నాకు తెలుసు. అందుకే, “కాదక్కా, మన దిక్కోళ్ళే” అన్నాను.

“మనోళ్ళే అనిరా!” అంది. కొంగుతో మూతి తుడుచుకుంది. “అయితే నువ్వే ఏదన్నా మంచి మాట రాసీప్పా. నేర్చుకుంటా.”

నా బతుకంతా ప్రచారం మాటలు రాశాను. సూటిగా తగిలింది నేను అల్లిన ఆ ఒక్క కామెంటే.

ఆ తర్వాత వీడియోల్లో ఆమె నా తెలుగు మాట్లాడింది. బడిలో అప్పజెప్పే పిల్లలా చేతులు కట్టుకుని, తప్పు పోతుందేమోనని నా వైపు చూస్తూ. ‘సంప్రదాయ’ కూడా పలికింది పాపం. ఎన్నిసార్లు అనుకుని చూసుకుందో. చూసేవాళ్ళు తగ్గిపోయారు. ‘పాత అక్క యాడికి పోయె?’ అని అడిగినవాళ్ళవీ నేను చదవలేదు. ఆర్డర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. గది ఆశ పోయింది. నేను దాన్ని చూస్తూ ఉన్నాను. సంతోషించానా? కొన్నాళ్ళు, అవును.

కానీ అది ఫోన్లోనే ఆగలేదు. బస్టాండులో దిగినవాళ్ళు ఆమెను గుర్తుపట్టి, “అక్కా, నీ వీడియో చూసినాము, ఆ రోషం మాట ఒకసారి చెప్పక్కా” అని ప్రేమగా అడిగేవారు. ఎగతాళి చేస్తున్నారనుకుని తల దించుకునేది. బస్సు వస్తే కేకేసి పిలిచే మనిషి, రొట్టె చేతికిచ్చి ధర మాత్రం చెప్పడం నేర్చుకుంది. ఒక మనిషి నోరు నొక్కేయడానికి చెయ్యి అవసరం లేదని నాకు అప్పుడు తెలిసింది.

ఇంకా సిగ్గుమాలిన సంగతి చెప్పనా? ఇప్పుడు ఉరవకొండలో, కంబదూరులో అంగళ్ళవాళ్ళను కూర్చోబెట్టి పాఠాలు చెబుతాను. కెమెరా ముందు నటించొద్దు, మీ మాట మీరే మాట్లాడండి, దానికి మించిన ప్రకటన లేదు అంటాను. బాగా చెబుతానని పేరు కూడా వచ్చింది. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే మాత్రం తేలు కుట్టిన దొంగనే.

పోయిన నెల తిప్పక్క మా ఇంటికని గిన్నెలో రొట్టెలు పెట్టుకుని అంగడికి తెచ్చిచ్చింది. ఇప్పటికీ ఎండలోనే కూర్చుంటోంది. ఏమైందో, ఆ రోజు ఆపుకోలేకపోయాను. కూర్చోబెట్టి పాత వీడియో తెరిచాను. ఒక్కొక్కటే చదివాను. అవ్వ మాట విన్నట్టుందని అన్నవాళ్ళది, ఏడ్చానన్నవాళ్ళది, పది రొట్టెలు అడిగినవాడిది. చదువుతుంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా, కడుపులో ఒక మూల మండింది. అబద్ధం చెప్పను, మండింది. అయినా ఆపలేదు.

ఆమె శ్రద్ధగా విని, మెల్లగా నవ్వింది. “సాల్లేప్పా. నా మనసు సల్లబడాలని నువ్వే అల్లి చెప్తాండావు. నీకు మాటలు అల్లేది బాగా వస్తాది గదా.”

“లేదక్కా, నిజంగానే ఉండాయి ఈడ.”

“అప్పుడు మనోళ్ళు ఏమనిరో నువ్వే గదా సదివింది? నాకు గుర్తుండాదిలే. మంచోనివప్పా నువ్వు.”

ఒక్క వాక్యం చాలు. అప్పటి ఆ చెడ్డ మాట నేనే కల్పించాను అని. పళ్ళ దాకా వచ్చింది. అనలేదు. ఖాళీ గిన్నె తీసుకుని ఆమె వెళ్ళిపోయింది, నేను కూర్చునే ఉన్నాను.

అప్పుడు అనలేనిది ఇప్పుడు ఇక్కడ అంటున్నాను. ఆ మాట మనవాళ్ళు ఎవరూ అనలేదు తిప్పక్కా. నీ అంత బాగా మాట్లాడలేక నేనే అన్నాను.

రాసేసరికి కాస్త ఊపిరి ఆడుతోంది. ఆమెకు చదువు రాదు కాబట్టే ఈ మాత్రమైనా రాయగలిగానని కూడా నాకు తెలుసు.