కొక్కెం గుర్తు

రిటైరై ఇంట్లో కూర్చున్న నాకు మొన్న, నేను పాఠాలు చెప్పిన కాలేజీ నుంచి ఒక కాగితం వచ్చింది. కెమిస్ట్రీ డిగ్రీ పిల్లలకు పై స్థాయి లెక్కలు ఎంతవరకు అవసరం, ఎన్ని గంటలు చెప్పాలి, గడిలో అంకె వేసి పంపమన్నారు. చిటికెలో అయ్యే పని. పెన్ను పట్టుకునేసరికి మేనత్త కొడుకు గుర్తొచ్చాడు, పొయ్యి మీది చాయ్ పొంగిపోయింది. మా ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

ఎనభైలలో నల్లగొండలో మేమిద్దరం ఒక కిరాయి గదిలో ఉండి బీఎస్సీ చదివాం. ఒకే ఈడు, ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. నాది లెక్కల గ్రూపు, వాడిది చెట్లూ పురుగుల గ్రూపు. కెమిస్ట్రీ ఇద్దరికీ ఉండేది. పదో తరగతి తర్వాత వాడు లెక్కల మొహం చూడలేదు. వాడి చదువంతా ఒక్క పని కోసమే. వాళ్ళ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు. వాడి చెల్లెలికి పన్నెండేళ్ళకే మోకాళ్ళు వంకరపోయి, గోడ పట్టుకొని నడిచేది. నీళ్ళ వల్లేనని దవాఖానాలో చెప్పినా ఊళ్ళో ఎవరూ నమ్మలేదు, అంత తేట నీళ్ళలో విషమేమిటని నవ్వారు. "నీళ్ళు పరీక్ష చేసే ఆఫీసుల నౌకరి కొడ్త బావా. గా బోరుల ఎంత విషమున్నదో కాయితం మీద రాసి, సంతకం వెట్టి, ఊరోళ్ళ ముందర వెడ్త," అనేవాడు. ఆ నౌకరికి బీఎస్సీ పాసు కావాలి.

చివరి ఏడు ఫిజికల్ కెమిస్ట్రీ దగ్గర బండి ఆగింది. చర్య ఎంత వేగంగా జరుగుతుందో చెప్పే సమీకరణం రాబట్టాలంటే ఇంటిగ్రేషన్ రావాలి. "మీ గ్రూపుకు లెక్కలెందుకయ్యా, మెట్లు బట్టీ పట్టండి," అన్నారు సారు. ఆ గ్రూపులో అందరూ చేసేది అదే. వాడు గైడు చూసి గది గోడ నిండా బొగ్గుతో ఆ మెట్లు రాసుకొని, అన్నం వండుతూ పాటలాగా పాడేవాడు. రెండు కొసలూ వంగిన ఇంటిగ్రేషన్ గుర్తుకు కొక్కెం అని పేరు పెట్టాడు. నాకు నవ్వాగేది కాదు. ఒకనాడు పాట ఆపి అడిగాడు: "బావా, గీ కొక్కెం ఏందో జర చెప్పరాదు? ఎందుకు వేస్తున్ననో తెల్వకుంటనే వేస్తున్న." నాకు తెలుసు. పావుగంట చాలు. కానీ మర్నాడు నాకు లెక్కల పరీక్ష. "నీకెందుకు బావా గవన్నీ, బట్టీ వట్టు," అన్నాను.

కెమిస్ట్రీ పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. కాకపోతే గైడులో ఏ, ఎక్స్ అని ఉన్నచోట ప్రశ్నపత్రంలో వేరే అక్షరాలు ఇచ్చారు. అది తనకు రాని లెక్క అనుకొని వాడు ఖాళీగా వదిలేసి వచ్చాడు. గోడ మీద రాసుకున్నదే అది అని నేను చెప్పినప్పుడు వాడి మొహం చూడలేకపోయాను. ఆ భయంతో ఇంకో రెండుసార్లూ అదే పేపరు పోయింది. ఇల్లు గడవక బోర్లు వేసే లారీ మీద పనికి కుదిరాడు. నీళ్ళు కొలవాలనుకున్నవాడు, ఆ నీళ్ళ కోసం నేల తొలిచే పనిలో పడ్డాడు. దేవుడనేవాడికి కాస్త సిగ్గుండాలి.

తొంభైలలో, నాకు లెక్కల లెక్చరర్ ఉద్యోగం వచ్చిన కొత్తలో, బస్టాండులో కలిశాడు. ఒళ్ళంతా రాతిదుమ్ము. చెల్లె ఎట్లున్నదని అడిగితే "మంచంలనే" అన్నాడు. చాయ్ తాగుతూ తాగుతూ, "ఇప్పుడన్న చెప్పు బావా, గా కొక్కెం ఏంది?" అన్నాడు. చెప్పాను. కంటికి ఆననంత చిన్న ముక్కలను ఒక్కటీ విడవకుండా కూడుకుంటూ పోవడం, చివరికి మొత్తం ఎంతయిందో తేల్చడం. పావుగంట కూడా పట్టలేదు.

వాడు గ్లాసు కింద పెట్టాడు. "గంతేనా? మా చెల్లె కాళ్ళ బొక్కలల్ల అయ్యింది గదే గద బావా. గుక్కెడు గుక్కెడు, రోజుకింత విషం. గీ ముక్క గప్పుడే చెప్పుంటే అక్షరాలు మారినా గుర్తువట్టకపోదునా?"

చెంప మీద కొట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. వాడి బస్సు వచ్చింది, వెళ్ళిపోయాడు.

కాగితం ఇంకా బల్ల మీదే ఉంది, గడి ఖాళీగానే ఉంది. పావుగంట అని రాస్తే నవ్వుతారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ఎందరికో అదే పాఠం చెప్పాను. ఆ గదిలో వాడికివ్వని ఆ ఒక్క పావుగంట మాత్రం పూడలేదు.