ఒకటి దాటిన గొంతు

దెయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ముప్పై ఏళ్ళు బాపట్లలో ఒక కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనిచేశాను. రీడింగు చూడకుండానే ఫలితం రాసేసిన విద్యార్థుల రికార్డులు ఎన్నో వెనక్కి కొట్టాను. ఈ నాలుగు మాటలూ ఆనాటి నా నోటుపుస్తకం ముందు పెట్టుకునే రాస్తున్నాను. "పెద్దతనం వచ్చి అంకెలు తారుమారు చేశాడు" అన్న బంధువుల్లో ఒక్కరైనా ఆ పుస్తకం తెరిచి చూడలేదు. ఆ బాధ నాకు ఈనాటికీ ఉంది.

మా అక్కయ్య కాపురం రేపల్లెలో. బావగారికి నడివయసులోనే చెవుడు మొదలైంది. చెవిలో పెట్టుకునే మిషను ఆయనకు సరిపడలేదు. అందుచేత అక్కయ్య ఆయనతో గొంతు పెంచే మాట్లాడేది.

"మీ ఇంట్లో ఇవాళ ఏం కూరో మా ఇంటిల్లిపాదికీ తెలుసు అక్కగారూ" అని పక్కింటి టైలరు మస్తాన్ గారు ఆటపట్టించేవారు.

"తెలిస్తే గిన్నె పట్టుకు రా తమ్ముడూ" అనేది ఆమె, అదే గొంతుతో.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు అక్కయ్య పోయింది. ఆమె గొంతు ఒక్క క్యాసెట్టులోనే మిగిలింది. ఒక పెళ్ళిలో పాడిన మంగళహారతి అది. పాట ముగియగానే, దూరంగా కూర్చున్న బావగారిని ఉద్దేశించి, "ఏవండీ, వినపడిందా?" అని గట్టిగా అడుగుతుంది. పెళ్ళివారంతా నవ్వుతారు. బావగారు రోజూ సాయంత్రం ఆ క్యాసెట్టు పెట్టుకుని, ఆ మాట రాగానే "ఆఁ, వినపడింది" అని బదులు చెప్పేవారు. ఆ రోజుకు ఆయనకు అంతే కావాలి.

టేపు అరిగిపోతోందని నేనే తెనాలిలో ఒక కంప్యూటరు షాపులో దాన్ని ఎంపీత్రీగా మార్పించి సీడీ మీద రాయించాను. కొద్దిరోజులకే క్యాసెట్టు తెగిపోయింది. ఇక ఉన్నది ఆ సీడీ ఒక్కటే.

నా పాత కంప్యూటరును బావగారింట్లో పెట్టి, షాపతను చెప్పిన ప్రకారం పాటలు వినిపించే సాఫ్ట్‌వేరులో రెండు ఏర్పాట్లు చేశాను. ఒకటి, సన్నగా ఉన్న పాటను తగినంత పెంచుతుంది. రెండోది కాపలా. పాట మొత్తంలో శబ్దం ఎక్కడిదాకా లేస్తుందో కొలిచి ఒక అంకె చూపుతుంది. ఆ అంకె ఒకటి దాటితే గొంతు పగులుతుంది కాబట్టి, ఆ ఎత్తు ఒకటికి లోబడేదాకా పాటనంతా తగ్గిస్తుంది. అక్కయ్య గొంతు పగిలి వినపడటం అపచారమని కాపలాను పట్టుబట్టి పెట్టింది నేనే.

మొదటి రోజు అంకె 0.98. అది "ఏవండీ" దగ్గరిది. స్పీకరు మర చివరిదాకా తిప్పి ఉంచాను. బావగారు చెవి ఆనించి విని బదులు చెప్పారు.

నెల తరువాత వెళితే, "పాట సన్నబడిందోయ్" అన్నారు. చెవుడు ముదిరిందనుకున్నాను. కానీ నేను విన్నా సన్నగానే ఉంది. మళ్ళీ కొలిచాను. 1.31. మరుసటి నెల 1.9. ఆపై 2.7.

సీడీ పట్టుకుని రైలెక్కి తెనాలి వెళ్ళాను. షాపులోని కొత్త కంప్యూటరు కూడా అదే అంకె చూపింది.

"సార్, సీడీ మీద ఒకసారి రాస్తే రాసిందేనండి. మారదు."

"మారిందయ్యా. చూడు" అని పుస్తకం ముందు పెట్టాను. అతను పుస్తకం చూశాడు, స్క్రీను చూశాడు. "ఏంటండి ఇది" అన్నాడు. బాపట్లలో కొలిచినా అదే వచ్చింది.

పెరుగుతున్నది "ఏవండీ, వినపడిందా" అన్న ఆ రెండు మాటలే. వాటిని ఒకటికి లోబరచడానికి కాపలా పాటనంతా అణచివేస్తోంది. అవి మాత్రం ఎంత పెరిగినా మొదటి రోజు ఎత్తులోనే వినిపిస్తున్నాయి. చెవుడు ముదురుతున్న బావగారికి ఆ ఎత్తు చాలడం లేదు. ఆయన బదులు చెప్పడం మానేశారు.

ఈ సంగతి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాను. ఆయన రెండుసార్లు చదివారు.

"నాకు వినపడటం లేదని గొంతు పెంచుతోందోయ్. నీ మిషను నోరు నొక్కుతోంది."

కాపలా తీసేశాను. పాట బాగానే వచ్చింది. ఆ రెండు మాటల దగ్గర మాత్రం రేకు మీద ఇసుక పోసినట్టు బరబరమంది. బావగారు స్పీకరు మీద అరచేయి పెట్టి ఆ అదురును చూశారు.

"ఇది మీ అక్క కాదు. ఆపెయ్."

ఆ తరువాత ఆయన పాట పెట్టమని అడగలేదు. చివరిసారి నేను కొలిచినప్పుడు అంకె 4.6. ఆ చలికాలంలోనే పోయారు. ఆమెకు బదులు చెప్పకుండానే పోయారు.

పెద్దకర్మ ముగిశాక, కంప్యూటరు విప్పేముందు అలవాటుకొద్దీ కొలిచాను. 0.41. పాట పెట్టాను. గది నిండా వినిపించింది. మస్తాన్ గారు మెడలో కొలత టేపుతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడి, "అక్కగారేనండి" అన్నారు. ఇద్దరం చివరిదాకా విన్నాం.

హారతి ముగిసింది. "ఏవండీ, వినపడిందా?" అన్న మాట రాలేదు. ఆ చోట మౌనం. దాని వెనకే పెళ్ళివారి నవ్వు.

సీడీ లోపమా, సాఫ్ట్‌వేరు లోపమా అని తెలిసినవారినందరినీ అడిగాను. ఎవరి జవాబూ నా అంకెలన్నిటికీ సరిపోలేదు. నా పుస్తకంలో ప్రతి రీడింగు పక్కనా "కారణం" అని ఒక గడి గీసుకున్నాను. అన్నీ ఖాళీగానే ఉన్నాయి. పెళ్ళివారు మాత్రం ఇప్పటికీ, ఎవరూ అడగని ప్రశ్నకు, అక్కడ నవ్వుతూనే ఉన్నారు.