మెడ మీద చెయ్యి

మా ఆయనకు బుగ్గ లోపలి క్యాన్సర్ కోసి తీశాక, మా క్వార్టర్‌లో రోజూ పొద్దున్నే ఒక తనిఖీ జరిగేది. అద్దం ముందు నిలబడి, నోరు బార్లా తెరిచి, టార్చి కొట్టుకొని చూసుకునేవాడు. గోదావరిఖని గనుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. లోపల బీడీ వెలిగించకూడదు కదా, అందుకని బుగ్గన తంబాకు పెట్టుకునేవాడు. ఆపరేషన్ తర్వాత దాన్ని ముట్టలేదు. "సాఫ్ ఉన్నదే!" అని గొప్పగా చెప్పి చాయ్ అడిగేవాడు. నేనూ నమ్మేదాన్ని.

ఒక ఆదివారం ఆయన తలకు నూనె పెడుతుంటే, చెవి కింద మెడలో చింతగింజంత గడ్డ వేలికి తగిలింది. నొక్కితే నొప్పి లేదన్నాడు.

"గదేం లేదే, నరం పట్టింది. నోరు సాఫే ఉన్నది గదా! చెకప్‌కు పోయినప్పుడు చూపిస్త తియ్."

నాకు ఒళ్లు మండింది. షిఫ్టు మొదట కర్రతో గని పైకప్పు తట్టి, డొల్ల చప్పుడు వస్తే కూలుతుందని అందరినీ వెనక్కి పంపే మనిషి, ఇంట్లో ఇలా మాట్లాడతాడా?

"గనిల ముంగటి బొగ్గునే చూస్తవా, నెత్తి మీది బండను తట్టవా?" అన్నాను.

ఆయన తనే వేలు పెట్టి ఆ గడ్డను తడిమి చూసుకున్నాడు. మర్నాడే ఇద్దరం బయల్దేరాం.

హైదరాబాదు దవాఖానలో సూది పరీక్ష చేశారు. తిరగబెట్టింది. డాక్టరమ్మ కూర్చోబెట్టి ఓపికగా చెప్పింది. నోట్లో పుట్టింది ముందుగా మెడ గ్రంథుల్లోకి దిగుతుందట. నోరు మానినా అక్కడ దాక్కొని ఉండొచ్చట. మొదటి రెండేళ్లు ఆ భయం ఎక్కువట. "ఊపిరితిత్తుల దాకా పోలేదు. తొందరగా తెచ్చావమ్మా," అంది. ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది.

మెడ కోసి గ్రంథులు తీశారు, తర్వాత రేడియేషన్ ఇచ్చారు. గొంతు మండి అన్నం ముద్ద దిగని రోజుల్లో పక్క క్వార్టర్ అక్క పలుచగా జావ కాచి తెచ్చేది. ఆమెను తలుచుకోకుండా నాకు పూట గడవదు.

ఇప్పుడు రెండేళ్లు దాటింది. ఆయన మాట కొంచెం ముద్దగా వస్తుంది కానీ, నాతో పోట్లాటకు సరిపోతుంది. చెకప్ తప్పడు. ఆదివారం నేను పిలవకముందే నూనె గిన్నె తెచ్చుకొని, నా ముందు కూర్చొని మెడ వంచుతాడు. కోసిన వైపు చర్మానికి స్పర్శ లేదు.

"చెయ్యి పెట్టినవా? నాకైతే తెలుస్తలేదే," అన్నాడు మొన్న.

"నాకు తెలుస్తున్నది, కదలకు," అన్నాను. నా వేళ్ల కింద ఆయన నాడి కొట్టుకుంటోంది.