డబ్బా మీద నంజుండప్ప పేరు

కింది ఇంట్లో ఎవరో ఎండుమిరపకాయలు వేయిస్తున్నారు. ఆ ఘాటు బాల్కనీలోంచి వచ్చి గొంతు పట్టేసింది. దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకున్నాను. మనవరాలు పొద్దున ఎనిమిదికే ఆఫీసుకు వెళ్ళిపోతుంది. మంచినీళ్ళు నేనే లేచి తెచ్చుకోవాలి. వైట్‌ఫీల్డ్‌లో ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్ళయినా ఎదురింటివాళ్ళ పేరు నాకు తెలియదు. ఈ ఘాటు తగిలినప్పుడల్లా నంజుండప్పన్న గుర్తుకొస్తాడు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, రాత నాకు కుదరదు. అయినా ఆయన సంగతి ఒకటి రాసి పెట్టాలి.

మా ఆయన పోయాక పిల్లలతో మడివాళలో ఒక గది తీసుకుని సీకాయ పొడి చేసి ఇళ్ళకు అమ్మేదాన్ని. అదే వీధిలో నంజుండప్పన్నకు తలనూనె అంగడి. నూనె తానే కాచి, తన పేరు అచ్చువేసిన సీసాల్లో పోసి, చుట్టుపక్కల దుకాణాలకు వేసేవాడు. నూనె కొన్నవాళ్ళు సీకాయ పొడి కూడా అడుగుతున్నారట. ఒకరోజు నా గుమ్మం ముందు నిలబడి చిటికెడు పొడి అరచేతిలో వేసుకుని, నీళ్ళు చిలకరించి రుద్ది చూశాడు.

"బాగుండాది లక్ష్మమ్మా. నాకు చేసియ్యి. డబ్బా నాది, పేరు నాది."

"మీరే చేసుకోరాదా అన్నా?"

"నాకు నూనె కాచేదొకటే తెలుసు. తెలియని పని సుమ్నే, ఊరికే మీదేసుకుంటే రెండూ చెడతాయి. చేసే చెయ్యిని వెతుక్కునేదే మేలు."

"నేను చేసిందాన్ని మీ పేరుతో అమ్మితే అబద్ధం కాదా?"

ఆయన నవ్వాడు. "పేరంటే చేసినోళ్ళ గుర్తు కాదమ్మా. సరుకు బాగలేకుంటే ఎవరి తలుపు తట్టాలో చెప్పే గుర్తు. తట్టేది నా తలుపే గదా!"

అట్లా నా పొడి ఆయన డబ్బాలోకి వెళ్ళింది. తర్వాత అత్తిబెలెలో ఒకాయన చేసే సబ్బు, ఇంకొకామె చేసే సున్నిపిండి కూడా ఆయన పేరుతోనే వచ్చాయి. దుకాణాల్లో ఒక్క వరుసలో ఉండే ఆ పేరు మూడు వరుసలకు పాకింది. ప్రతి బుధవారం నా దగ్గరికి వచ్చి, పొడి వేళ్ళ మధ్య నలిపి చూసేవాడు. కాస్త బరకగా ఉంటే, "ఏమమ్మా, నీ జల్లెడ నిద్రపోయినట్లుండాది!" అని మూటంతా నాకే తిప్పి ఇచ్చేవాడు. నాకు ఒళ్ళు మండేది. కానీ వారం మొత్తంలో నా గుమ్మం ముందు నిలబడి నా పేరు పెట్టి పిలిచే మనిషి ఆయనొక్కడే. బుధవారం పొద్దున్నే గుమ్మం కడిగి పెట్టుకునేదాన్ని.

ఒకసారి మిల్లులో సీకాయలు ఆడించే యంత్రానికి బెల్టు తెగిపోయింది. పక్కనే మిరపకాయలు ఆడించే యంత్రం ఉంది. మిల్లు ఆయన, "ముందు రెండు దోసిళ్ళు వేసి ఆడించి, ఆ పొడి పారేయక్కా. కారం దాంతో పోతాది. తర్వాత మిగతాది పోసుకో" అన్నాడు. ఆ పద్ధతి నాకు తెలియక కాదు. ఎండబెట్టి, గింజలు తీసి, మెంతులు కలిపి తెచ్చిన సరుకు. రెండు దోసిళ్ళు నేలపాలు చేయడానికి మనసొప్పలేదు. ఆ మొదటి పొడిని కూడా మూటలోనే కలిపేశాను. బుధవారం ఆయన నలిపి చూసి, మెత్తగానే ఉందని తీసుకుపోయాడు.

ఐదారు రోజులకు ఒకామె బిడ్డను చంకనేసుకుని ఆయన అంగడికి వచ్చింది. తలంటుతుంటే బిడ్డ కళ్ళు మండి, ముఖమంతా కందిపోయింది. నంజుండప్పన్న ఆ బిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్ళి, బాగయ్యేదాకా అక్కడే కూర్చున్నాడట. తర్వాత మోపెడ్ మీద దుకాణం దుకాణం తిరిగి డబ్బాలన్నీ వెనక్కి తెచ్చుకున్నాడు. సాయంత్రం నా గుమ్మం ముందుకు వచ్చాడు.

"లక్ష్మమ్మా, ఈ తూరి యాడ ఆడించినావు?"

"ఎప్పుడూ ఆడించే యంత్రంలోనే అన్నా."

ఆయన "సరే" అని వెళ్ళిపోయాడు.

వీధిలో అందరికీ తానే మిరప యంత్రంలో ఆడించానని చెప్పుకున్నాడు. దుకాణాలవాళ్ళు ఆయన్ని "ఏమప్పా కారం నంజుండప్పా" అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన నవ్వేవాడు. ఆ తర్వాత మళ్ళీ మిల్లుకు వెళ్తే మిల్లు ఆయన అన్నాడు: "మీ నంజుండప్ప డబ్బాలు వెనక్కి తెచ్చిన పొద్దు మధ్యాన్నమే వచ్చి అంతా అడిగిపోయినాడక్కా." అంటే నన్ను అడిగేటప్పటికే ఆయనకు తెలుసు. నా పని మాన్పించలేదు. ఒక్క మాట అనలేదు. కానీ అప్పటినుంచి ఆడించే రోజున తానూ మిల్లుకు వచ్చేవాడు. ఏ యంత్రంలో ఆడించినా మొదటి రెండు దోసిళ్ళ పొడి తన చేత్తోనే తీసి బయట పారబోసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయేవాడు. బుధవారాలు నా గుమ్మానికి రావడం మాత్రం మానేశాడు. పొడి తీసుకుపోవడానికి ఆటో వచ్చేది.

ఆయన పోయిన పదకొండో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. భోజనాల దగ్గర ఎవరో ఆ కారం కథ ఎత్తుకుంటే అందరూ నవ్వారు. ఆయన భార్య సరోజక్క నవ్వలేదు. నా పక్కకు వచ్చి కూర్చుంది.

"అంత జాగ్రత్త మనిషి, ఆ ఒక్క తూరి ఎట్ల మరిచిపోయినాడో నాకు ఈ పొద్దుకూ తెలీలేదు. నీకేమన్నా చెప్పినాడా లక్ష్మమ్మా?"

విస్తట్లో అన్నం కలుపుతూనే ఉన్నాను. "లేదక్కా" అన్నాను.

కోడళ్ళు బియ్యం ఒలకబోస్తే ఊరుకోలేదు. మనవరాలు చిన్న అబద్ధమాడితే రెండు రోజులు మాట్లాడలేదు. నన్ను కఠినమైన మనిషి అంటారు, అననీ. నాతో ఒకరు అట్లా కఠినంగా ఉండి ఉంటే, ఆ గుమ్మంలోనే ఒప్పుకుని ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆయన ఏమీ అనకుండా పోవడంతో, ఇది మోసేది నేనొక్కదాన్నే అయ్యాను.

సరోజక్క ఇంకా మడివాళలో, ఆ ఇంట్లోనే ఉంటోంది. చెప్పేద్దామని ఈ ఏడు రెండుసార్లు బస్సెక్కాను. రెండుసార్లూ మార్కెట్టు దగ్గర దిగి, రెండు కట్టలు ఆకుకూర కొనుక్కుని వెనక్కి వచ్చేశాను.