మూరెడు పేగుతో మా శారద

1981 ఎండాకాలం. పొద్దున జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకున్న మా శారద మింగలేక పక్కన పెట్టేసింది. నా బిడ్డకు అప్పుడు ఏడేళ్లు. మధ్యాహ్నానికి ఆకుపచ్చగా వాంతి అయింది, పొట్ట బల్లలా బిగిసింది. చెన్నూరులో డాక్టరు నులిపురుగులన్నాడు. ఆ మందుతో ఒక రోజు పోయింది. మరునాడు కరీంనగర్ చేరేసరికి పిల్ల కళ్లు తేలేస్తోంది.

ఆపరేషన్ చేసిన సర్జన్ బయటికి వచ్చాడు. “వాల్వ్యులస్. పేగు మెలివడి నల్లగైంది. తీసేసినం. చిన్నపేగు మూరెడు మిగిలింది.”

“కిడ్నీ మారుస్తున్నరు గద సార్, పేగు మార్చరాదా?” అడిగాను.

“ట్రాన్స్‌ప్లాంట్ బయటి దేశాలల్ల చేసి చూసిన్రు గని పిల్లలు నిలుస్తలేరు. మనకు ఒక్కటే తొవ్వ. జరంత జరంత, రెండు గంటలకోసారి పెట్టాలె. గా మూరెడు పేగే పని నేర్చుకుంటది.”

జబ్బు పేరు షార్ట్ బవెల్ సిండ్రోమ్ అన్నాడు.

మూడు నెలలు సెలైన్లు, విరేచనాలు. ఇంటికి వచ్చిన రోజు శారద బరువు పన్నెండు కిలోలు. నా భార్య గడియారం చూసి గంజి, పెసరకట్టు పెట్టింది. ఏడాదికి పదహారు కిలోలైంది. బడికి పంపాం.

అక్కడ తప్పు నాది. మాది కోటలాంటి గడి ఉన్న దొరల ఇల్లు. భూములు పోయాయి, గడి కప్పు కూలింది, వెనుక రెండు గదుల్లో ఉంటున్నాం. అయినా మా ఇంటి ఆడపిల్ల పదిమందిలో తినకూడదన్న రివాజు నేను వదల్లేదు. బడికి తిండి డబ్బా పంపనీయలేదు.

“గడి కూలింది గని మీ రివాజు కూలలే,” అంది నా భార్య.

రెండు నెలలకు శారద తరగతిలో పడిపోయింది. మళ్లీ కరీంనగర్, మళ్లీ డ్రిప్. పన్నెండున్నర కిలోలు.

“బడిల ఏం తింటవమ్మా?” అడిగాడు డాక్టర్.

“ఏం తిన సార్. మా ఇంటోళ్లు పదిమందిల తినద్దట. బాపు చెప్పిండు.”

డాక్టర్ నా వైపు తిరిగాడు. “దొరగారూ, పేగుకు గడి తెల్వది. దానికి గంట ఒక్కటే తెలుసు. ఇంకోసారి గిట్లయితే నేనేం చెయ్యలేను.”

శారద మళ్లీ బడికి వెళ్లిన రోజు పదిన్నరకు గిన్నె నేనే పట్టుకెళ్లాను. వరండాలో పిల్లలంతా మూగారు. “దొర గంజి తెచ్చిండే!” అని ఎవరో అరిచారు. శారద తల దించుకుంది.

“మొదలు నువ్వు తిను బాపు.”

ఆ వరండాలో నడుం నిటారుగా పెట్టి కూర్చుని, అందరూ చూస్తుండగా తిన్నాను. తర్వాత అదే గిన్నెలో శారద తిన్నది. నెల రోజులు అలాగే వెళ్లాను. ఆ తర్వాత, “ఇగ నువ్వు రాకు బాపు, నేనే తింట,” అంది.

ఇప్పుడు శారదకు ఇరవై ఆరేళ్లు, మందమర్రిలో పంతులమ్మ. సన్నగా ఉంటుంది, నెలకోసారి బి12 ఇంజెక్షన్ తప్పదు. విదేశాల్లో పేగు మార్చిన పిల్లలు కొందరు ఇప్పుడు బతుకుతున్నారట, ఎన్నేళ్లన్నది ఇంకా తెలియదని డాక్టర్ అన్నాడు. మా శారదకు ఆ అవసరం రాలేదు. మా ఇంట్లో ఇంత గట్టి మనిషి ఎవరూ పుట్టలేదు.

ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక్క మాట. డబ్బా ఇచ్చి పంపడంతో సరిపోదు. మొదటి నెల మీరూ వెళ్లి, అందరి ముందు ఒక ముద్ద తినండి.