గుంపులోంచి ఒక్క గొంతు

మా డబ్బింగ్ థియేటర్లో ఆయన్ని అందరూ గుంపు బాబాయి అనేవాళ్లు. ముప్పై ఏళ్లుగా సినిమాల్లో గుంపుకు గొంతిస్తున్నాడు. సంతలో బేరాలు, కోర్టులో గుసగుసలు, బస్సు బోల్తా పడితే హాహాకారాలు, అన్నిట్లోనూ ఆయనే. తెరమీద పేరు మాత్రం ఒక్కసారీ పడలేదు. హీరోలకు చెప్పేవాళ్లు చల్లటి గదిలో గోరువెచ్చని నీళ్లు తాగుతుంటే, మేం ఎనిమిదిమందిమీ ఒకే మైకు చుట్టూ నిలబడి గొంతులు చించుకునేవాళ్లం. నాకు ఒళ్లు మండేది. ఆయనకు మండేది కాదు.

మా పనికి ఒకటే సూత్రం. ఒకరు మాట విసిరితే ఇంకొకరు వెంటనే అందుకోవాలి. మధ్యలో ఖాళీ వస్తే అది గుంపులా వినబడదు. బాబాయి విసిరిన మాట ఎప్పుడూ ఆయన భార్య, మా పిన్నే అందుకునేది. ఆవిడా మాలో ఒకతే. ఆయన ఏం కేకేసినా, "ఆఁ... వస్తున్నా" అనేది. ఇంటి మాటలు తెచ్చి సినిమాల్లో అమ్ముకుంటున్నారని వాళ్లను ఏడిపించేవాళ్లం. "ఈయన గొంతు ఒక్కటీ విడిగా ఎప్పుడు వింటానో" అనేది పిన్ని.

నిరుడు పిన్ని జ్వరమని పడుకుని మూడో రోజుకే పోయింది. బాబాయి ఏడవలేదు. వారం తిరక్కుండా పనికొచ్చాడు. పిన్ని నిలబడే చోట నన్ను నిలబెట్టారు.

ఏడాది తిరిగేసరికి వచ్చిందా సినిమా. ఏదో నవలను తీశారట. రోగమొచ్చి లోకమంతా పోతుంది, ఒక్కడే మిగులుతాడు. గుంపే లేదు కాబట్టి మాకు పని లేదు. "మనందర్నీ టైటిల్స్ పడకముందే చంపేశారే!" అని నవ్వుకున్నాం. కానీ ఆ ఒక్కడికి గొంతివ్వడానికి బాబాయిని పిలిచారు. పేరున్న గొంతులేవీ అతకలేదట. "వీళ్లంతా నిన్న కూడా నలుగురితో కబుర్లాడినట్టున్నారు" అన్నాడట డబ్బింగ్ ఇన్‌చార్జి. పిన్ని కోరిక కదా అని బాబాయి ఒప్పుకున్నాడు.

మూడు రోజులు చక్కగా చెప్పాడు. ఇక ఒక్క డైలాగే మిగిలింది. ఖాళీ వీధిలో నిలబడి అతను "ఎవరైనా ఉన్నారా?" అని అరవాలి. తర్వాత ఐదు సెకన్లు అతని ఊపిరి తప్ప ఏమీ వినబడకూడదు. వినాలన్న సరదాతో మేమంతా ఆ గదిలోనే ఓ మూల కూర్చున్నాం.

బాబాయి అరిచాడు. నా నోరు నా మాట వినలేదు. "ఆఁ... వస్తున్నా!" అనేశాను.

ఆయన గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఆ ముఖంలో అంత ఆశ నేనెప్పుడూ చూడలేదు. తర్వాత నన్ను చూశాడు.

"ఒక్కడే మిగిలాడు మహాతల్లీ! నువ్వెక్కణ్ణుంచి ఊడిపడ్డావ్?" అని ఇన్‌చార్జి కేకలేశాడు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత బాబాయికి ఆ డైలాగు కుదరలేదు. ఏడుసార్లు చెప్పాడు. అరవడం బాగానే అరుస్తాడు, ఆ ఖాళీ మాత్రం ఓర్చుకోలేడు. రెండు సెకన్లు కాకముందే తనే దగ్గి దాన్ని నింపేసేవాడు.

"పెద్దాయనా, ఇంకొక్కసారే చూస్తాను. రాకపోతే రేపు వేరేవాళ్లతో మొత్తం మొదట్నుంచీ చెప్పించుకుంటాను" అన్నాడు ఇన్‌చార్జి.

బాబాయి మా వైపు చూశాడు. "మీరంతా బయటికెళ్లండమ్మా. మీరుంటే ఎవరో ఒకరు పలుకుతారనే ఉంటుంది నాకు."

అద్దం ఇవతల నిలబడి చూశాం. ఆయన అరిచాడు. ఐదు సెకన్లు గడిచాయి. దగ్గలేదు. ఊపిరి ఒక్కటే వినబడింది, అదీ చివర్లో వణికింది.

"ఓకే" అన్నాడు ఇన్‌చార్జి, మెల్లిగా.

బాబాయి బయటికి రాలేదు. నేను లోపలికి వెళ్లేసరికి మైకు కింద నేలమీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నా వల్లే ఇదంతా అని చెయ్యి పట్టుకున్నాను.

"నీ వల్ల కాదమ్మా" అన్నాడు. "ఏడాదైంది, ఇంట్లో గొంతెత్తి ఒక్కసారి కూడా పిలవలేదు. పిలిస్తేనే కదా, పలకదని తెలిసేది."